నాలుగో నంబరు పాకెట్

మా అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే నాకు ముందు ఆసుపత్రి గుర్తొస్తుంది. తర్వాత పోలీస్ స్టేషన్. ఫోన్ బ్యాగులో ఉండిపోయి ఉంటుందన్న ఆలోచన అన్నిటికంటే చివర వస్తుంది. "నీకు భయపడటానికి ఏమీ దొరక్కపోతే, ఏమీ దొరకలేదేమిటా అని భయపడతావు," అంటారు మా ఆయన.

ఆయనది బుక్ బైండింగ్ పని. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన పక్కన కూర్చుని జిగురు రాస్తూనే ఉన్నాను. నేను చదివింది ఎనిమిదో తరగతి. నా చేతుల మీదుగా వేల పుస్తకాలు వెళ్ళాయి కానీ వాటి వీపులు తప్ప లోపల ఏముందో నాకు తెలియదు. అమ్మాయి మాత్రం ఆ జిగురు వాసనలోనే పెరిగి, చదువుకుని, లైబ్రేరియన్ అయింది. చిన్న శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం. ఆమె ఒక్కతే ఉద్యోగి. తలుపు తీసేదీ ఆమే, వేసేదీ ఆమే.

ఈ ఏడాది ఆమెను లైబ్రేరియన్ల సంఘంలోకి తీసుకున్నారు. తీసుకున్న నెలకే కార్యదర్శుల్లో ఒకరిని చేశారు. ఎందుకు చేశారో తర్వాత తెలిసింది. ఆ సంఘంలో రెండు పనులు ఎవరూ ముట్టుకోరట. అందర్నీ ఒకచోట చేర్చి కబుర్లు చెప్పించడం ఒకటి. కొత్తగా చేరినవాళ్ళను అనుభవం ఉన్నవాళ్ళకు అప్పగించడం రెండోది. రెండోదానికి మెంటరింగ్ అని పేరు.

"అంటే ఏంటే?" అన్నాను.

"చెయ్యి పట్టుకుని పని నేర్పించడం అమ్మా. పెద్దవాళ్ళలో ఒకరిని, కొత్తవాళ్ళలో ఒకరిని జతలు కలపాలి."

"పెళ్ళిళ్ళ పేరయ్యవన్న మాట," అన్నారు మా ఆయన పక్క గదిలోంచి.

"నవ్వకండి," అన్నాను. "జతలు కలిపేవాళ్ళకి ఎప్పుడూ మాటలే పడతాయి. కుదిరితే వాళ్ళ గొప్ప, కుదరకపోతే మన తప్పు."

పోయినేడాది జరిగిన సమావేశం గురించి అమ్మాయి చెబుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలభైమంది లైబ్రేరియన్లు వచ్చారట. ఎవరి టీ వాళ్ళు తీసుకుని, ఒక్కొక్కరూ ఒక్కో అల్మారా దగ్గరికి వెళ్ళి, అందిన పుస్తకం తీసి నిలబడి చదువుకున్నారట. రెండు గంటలు! మైకు ఇస్తే మైకులో కూడా గుసగుసలాడారట. ఈసారీ అలాగే జరిగితే మెంటరింగ్ అనే మాటే ఎత్తొద్దని సంఘం అధ్యక్షుడు ముందే చెప్పేశాడు.

అందుకని అమ్మాయి ఒక ఉపాయం ఆలోచించింది. పాతకాలంలో ప్రతి పుస్తకం వెనక అట్టకు ఒక కాగితం పాకెట్ అతికించి, అందులో కార్డు పెట్టేవారు గదా. అదే పద్ధతి. పెద్ద అట్ట మీద పద్నాలుగు పాకెట్లు. ఒక్కో పాకెట్ మీద ఒక నంబరు, ఒక పెద్ద లైబ్రేరియన్ పేరు. కొత్తవాళ్ళు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో కార్డు మీద రాసి, ఎవరి దగ్గర నేర్చుకోవాలనుకుంటున్నారో ఆ నంబరు కవరు మీద వేసి పంపుతారు. అమ్మాయి ఆ కార్డుకు వరుస నంబరు ఇచ్చి, రిజిస్టర్లో ఎక్కించి, ఆ పాకెట్లో పెడుతుంది. శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్ళు తమ పాకెట్లోని కార్డులు తీసుకుని ఆ మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళాలి. వెతకాలంటే నోరు విప్పాలి గదా!

అట్ట మా ఆయన చేసిపెట్టారు, మధ్యలో బైండింగుకు వాడే కాలికో గుడ్డ వేసి పుస్తకంలా మడిచేటట్టు. పాకెట్లు నేను అతికించాను. పద్నాలుగూ దారం పట్టి కొలిచినట్టు వచ్చాయి. చెప్పుకోకూడదు గానీ, ఆ ఒక్క పని నాకు వచ్చు.

నాలుగో నంబరు పాకెట్ మీద రాసిన పేరు చూసేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

ఆవిడ అసలు పేరు మా ఇంట్లో ఎవరూ అనరు. రూళ్ళకర్ర మేడం అంటాం. మూడేళ్ళ కిందట మా అమ్మాయి చదువైపోయి ఆరు వారాలు పని నేర్చుకోవడానికి పెద్ద లైబ్రరీకి వెళ్ళినప్పుడు ఆవిడే అక్కడ అధికారి. ఒకరోజు అమ్మాయి ఒక పుస్తకాన్ని ఉండాల్సిన చోటికి రెండు పుస్తకాల అవతల పెట్టిందట. రెండంటే రెండు! ఆ అల్మారా అంతా కిందికి దింపించి, మళ్ళీ మొదటినుంచి సర్దించిందా మహాతల్లి, పాఠకులందరూ చూస్తుండగా. ఆ సాయంత్రం అమ్మాయి అన్నం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇక ఈ పనిలోకి వెళ్ళనంది. నేను ముఖం కూడా చూడని ఆ మనిషిని ఆ రోజునుంచి మనసులో ఎన్ని తిట్టానో లెక్కలేదు. ఇప్పుడు రిటైరయి ఇంట్లో ఉంటోంది. అయినా సంఘంలో పెద్దలంటే ఆవిడ పేరు రాయక తప్పదు కాబోలు అనుకున్నాను.

వారమంతా కవర్లు వచ్చాయి. అట్ట ముందు గదిలో గోడకు చేరవేసి ఉంది. వచ్చేపోయేటప్పుడల్లా నేను చూస్తూనే ఉన్నాను. తొమ్మిదో నంబరు పాకెట్ ఉబ్బిపోయింది. అది నవ్వుల మాస్టారిది. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరినైనా "బంగారుతల్లీ" అనే పిలుస్తాడట. నాలుగో నంబరు మాత్రం బుధవారం దాకా ఖాళీగానే ఉంది. అబద్ధమెందుకు, నాకు కాస్త తృప్తిగానే అనిపించింది.

గురువారం మధ్యాహ్నం అమ్మాయి పనికి వెళ్ళాక చూస్తే నాలుగో పాకెట్ కింది మూల కొంచెం లేచి ఉంది. నేను అతికించింది లేవడమేమిటని వేలితో నొక్కబోతే లోపల కార్డు తగిలింది. జిగురు రాయాలంటే కార్డు బయటికి తియ్యాలి. తీశాను. మూలన ఇరవై మూడు అని నంబరు. రాత మా అమ్మాయిది.

"మా లైబ్రరీలో సగానికి పైగా పుస్తకాలు తీసెయ్యమన్నారు. ఏది ఉంచాలో ఏది తియ్యాలో తేల్చుకోవడం నాకు చేతకావడం లేదు. మీరు నేర్పుతారా?"

కింద సంతకం.

ఇంతమంది ఉండగా ఈ పిల్ల మళ్ళీ వెళ్ళి ఆవిడ చేతిలో పడుతుందా? మళ్ళీ అల్మారాలు దింపిస్తుంది. మళ్ళీ అందరిముందూ నిలబెడుతుంది. మళ్ళీ నా పిల్ల అన్నం వదిలేస్తుంది. ఈసారి అన్నంతో పోతుందా? ఉద్యోగమే మానేస్తే? మానేసి ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటే? నా ఆలోచన మెట్లు దిగడం మొదలుపెడితే మధ్యలో ఆగదు, తిన్నగా అడుక్కే వెళుతుంది.

మూల అతికించాను. ఆరేదాకా కార్డు ఆ జిగురు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఆరాక నాలుగులో పెట్టకుండా తొమ్మిదిలో పెట్టాను. నవ్వుల మాస్టారి కార్డుల మధ్య అది చక్కగా కలిసిపోయింది.

శుక్రవారం పొద్దున్నే అమ్మాయి స్నేహితురాలు, పిల్లల విభాగంలో పనిచేసే ఆమె, వ్యాన్ తీసుకుని వచ్చి అట్ట, రిజిస్టరు, టీ కప్పుల పెట్టెలు అన్నీ ఎక్కించుకుని పెద్ద లైబ్రరీ హాలుకు చేర్చేసింది. అట్ట గుమ్మం దాటుతుంటే, హమ్మయ్య, ఇక నా చేతిలో లేదు అనుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మాయి కింద కూర్చుని పేర్ల బిళ్ళలు అతికిస్తోంది. చేతులకు జిగురు. ఫోన్ మోగితే మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టింది.

"అమ్మాయ్, నేను." గొంతు సన్నగా, గీత గీసినట్టుంది. ఎవరో ఎవరూ చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. "ఒక్క మాట అడుగుతాను. ఉన్నదున్నట్టు చెప్పు. నా పాకెట్లో కార్డు ఉందా, లేదా?"

"ఉంది మేడం."

"ఎన్ని?"

"ఒకటి."

"మొహమాటానికి చెప్పకు. పోయినేడాది రెండు గంటలు కుర్చీలో కూర్చున్నాను. పక్కకుర్చీలో బ్యాగులు పెట్టుకున్నారు గానీ ఒక్కరూ కూర్చోలేదు. అందరూ ఎదురుగా పాకెట్లు విప్పుతుంటే నేను ఖాళీ పాకెట్లో వేలు పెట్టుకుని నిలబడలేను. లేకపోతే లేదని చెప్పు. నాకేం బాధలేదు. రాను, అంతే."

"నా చేత్తో పెట్టాను మేడం. రిజిస్టర్లో కూడా ఎక్కించాను."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఎక్కించావా? అయితే సరే. వస్తాను."

ఫోన్ పెట్టేశాక అమ్మాయి ముఖం వెలిగిపోతోంది.

"వస్తానందమ్మా!"

"ఆవిడెందుకే నీకు?" అన్నాను. "ఆ నవ్వుల మాస్టారిని అడగొచ్చుగా? మంచాయనట గదా?"

"చాలా మంచాయన. ఏం అడిగినా 'భేషుగ్గా ఉంది బంగారుతల్లీ, అలాగే కానీ' అంటారు. నాకు కాదు అనేవాళ్ళు కావాలమ్మా." బిళ్ళ పక్కన పెట్టి నావైపు తిరిగింది. "మా లైబ్రరీని రెండు నెలల్లో ఖాళీ చేసి ఆఫీసు మేడమీది గదిలోకి మార్చాలి. తొమ్మిదివేల పుస్తకాలు. గదిలో పట్టేవి నాలుగువేలు. మిగతావి కాగితం తూకానికి పోతాయి. నేను తప్పుడు పుస్తకం తీసేశాననుకో, మళ్ళీ ఎక్కడా దొరకదు. ఎవరో పదేళ్ళ తర్వాత వచ్చి అడుగుతారు, ఉండదు. నెల నుంచీ అల్మారా ముందు నిలబడుతున్నాను. ఒక్కటీ తియ్యలేకపోతున్నాను. పూర్వం ఒక లైబ్రరీ పైకప్పు కూలినప్పుడు ఆవిడ పుస్తకాలన్నీ ఇలాగే ఏరి దాన్ని నిలబెట్టారు. అది చేసిన మనిషి ఆవిడొక్కరే. రేపు ఆవిడకి ఖాళీ పాకెట్ కనిపించిందంటే ఇక జన్మలో సంఘం గుమ్మం తొక్కరు. నన్ను అబద్ధాలకోరంటారు. అదొక్కటీ సవ్యంగా జరిగితే చాలమ్మా నాకు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే మా ఆయన గుమ్మంలోంచి, "మీ అమ్మ అతికించిన పాకెట్ గదా, ఎక్కడికీ పోదులే," అన్నారు. తెరిచిన నోరు మూసుకుపోయింది.

శనివారం పన్నెండింటికే చీర మార్చుకుని కూర్చున్నాను.

"నువ్వెందుకమ్మా? నువ్వొస్తే నాకు ఇంకా టెన్షను," అంది అమ్మాయి.

"బిళ్ళలు తగిలించడానికి మనిషి వద్దూ?"

బస్సులో దారి పొడుగునా ఒకటే లెక్క. హాల్లోకి వెళ్ళగానే అమ్మాయి మైకు చూడటానికి వెళుతుంది. అప్పుడు తియ్యాలి, పెట్టాలి. ఎంతసేపు? ఒక్క క్షణం. ఇంతలో రిజిస్టరు గుర్తొచ్చి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏ కార్డు ఏ పాకెట్లో ఉండాలో అందులో రాసి ఉంది. లైబ్రేరియన్లు చూడకుండా ఉంటారా? వీళ్ళు కూరగాయల బుట్టకైనా జాబితా రాసుకునే మనుషులు. ఎవరో ఈపాటికి చూసే ఉంటారు. అమ్మాయిని నిలదీస్తారు. పదవిలోంచి తీసేస్తారు. ఆ మాట ఆఫీసు దాకా పోతుంది. బస్సు ఒక్కసారి బ్రేకు వేస్తే, పక్కన కూర్చున్నామె నా చెయ్యి పట్టుకుని, "ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

పెద్ద లైబ్రరీ హాలు నేను చూడటం అదే మొదటిసారి. ఎత్తయిన పైకప్పు, పొడుగాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, గోడకు జరిపిన బల్లలు. "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు మీద అమ్మాయి స్నేహితురాలు ఒక కాగితం అంటించింది: "ఈ ఒక్కపూటకి మాట్లాడవచ్చు." అట్టను వార్తాపత్రికల స్టాండు పక్కన నిలబెట్టారు. దాని ముందు చిన్న బల్ల మీద రిజిస్టరు. ఆ మూల ఎవరో పేపరు అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నారు. వేళ్ళు తప్ప మనిషి కనిపించడం లేదు. ఎవరో పాఠకురాలు అనుకున్నాను.

అమ్మాయి మైకు కోసం అటు వెళ్ళగానే నేను ఇటు వెళ్ళాను. తొమ్మిదో పాకెట్ కిక్కిరిసి ఉంది. చెమట చేతులకు కార్డులు అంటుకుపోతున్నాయి. ఐదు. పదహారు. ముప్పై ఒకటి. పన్నెండు. కనబడదేం? ఎనిమిది. ఆఖరికి ఇరవై మూడు. అది పట్టుకుని నాలుగో పాకెట్ వైపు చెయ్యి చాపాను.

"ఆగండి."

పేపరు కిందికి దిగింది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు నున్నగా వెనక్కి దువ్వి ఉంది. వీపు కుర్చీకి ఆనకుండా కూర్చుని ఉంది. ఆ గొంతు నిన్న విన్నదే.

"ఆ కార్డు రిజిస్టర్లో నాలుగు అని ఉంది. దొరికింది తొమ్మిదిలో. నేను వచ్చి గంటయింది. పద్నాలుగు పాకెట్లూ సరిచూశాను."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నా పాకెట్ ఖాళీగా ఉంటే ఆ పిల్ల అబద్ధం చెప్పిందనుకున్నాను. రిజిస్టరు చూస్తే చెప్పలేదని తెలిసింది. పెట్టింది, తర్వాత భయమేసి తీసేసుకుంది అనుకున్నాను. వెళ్ళిపోదామని చెప్పులు కూడా వేసుకున్నాను." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కానీ తప్పు చోట కనబడిన పుస్తకాన్ని నేనెప్పుడూ వెంటనే తియ్యను. ఎవరు పెట్టారో చూడాలి. అందుకని కూర్చున్నాను. మీరెవరు? ఆ పిల్ల పంపిందా మిమ్మల్ని?"

అవును అని తలూపినా సరిపోయేది. నా పరువు దక్కేది. ఆ పిల్ల మాత్రం ఆవిడ లెక్కలో పిరికిదిగా మిగిలిపోయేది.

"దానికేమీ తెలియదు మేడంగారూ," అన్నాను. మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. "నేను దాని తల్లిని. గురువారం పాకెట్ మూల లేస్తే అతికించడానికి తీశాను. చదివాను. చదవకూడదు, చదివాను. మూడేళ్ళ కిందట మీరు దాని చేత అల్మారా అంతా దింపించారు. ఆ రోజు అది అన్నం తినలేదు. మళ్ళీ మీ దగ్గరికంటే నాకు భయమేసింది. తీసుకెళ్ళి ఆయన పాకెట్లో పెట్టాను. దాన్ని ఏమీ అనకండి. నన్ను అనండి."

ఆవిడ నన్ను అలాగే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండును అనిపించేటంతసేపు చూసింది.

"పాఠకులు కొందరు ఇలాగే చేస్తారు," అంది చివరికి. "బాగా ఇష్టమైన పుస్తకం ఉంటుంది. ఇంకెవరైనా పట్టుకుపోతారని భయం. వేరే వరుసలోకి తీసుకెళ్ళి, లావుపాటి పుస్తకాల మధ్య దాచేస్తారు. తాము మళ్ళీ వచ్చేదాకా ఎవరికీ దొరకకూడదని. నలభై ఏళ్ళలో అలాంటివి ఎన్ని పట్టుకున్నానో. వాళ్ళు దొంగలు కారు. కానీ దాచినన్నాళ్ళూ ఆ పుస్తకం ఎవరికీ పనికిరాదు. వాళ్ళకి కూడా."

"తప్పే మేడంగారూ."

"తప్పే. నా పద్ధతి ఏమిటంటే, దాచినవాళ్ళ చేతే తిరిగి పెట్టిస్తాను. పెట్టండి."

నాలుగో పాకెట్ నా ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంది. చెయ్యి ముందుకు పోలేదు.

"దాన్ని ఏడిపించకండమ్మా," అన్నాను.

"ఏడిపించనని మాటివ్వను. సగానికి పైగా పుస్తకాలు తీసి పక్కన పెట్టాలి. ఏడవకుండా ఎవరూ చెయ్యలేరు. ఏడవకుండా చేసేవాళ్ళకి ఆ పని అప్పగించకూడదు కూడా. ఆ రోజు అందరిముందూ చేయించడం మాత్రం నా పొరపాటు. తలుపులేశాక చేయించాల్సింది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "పక్కన కూర్చుంటాను. అది మాత్రం మాటిస్తాను."

కార్డు పెట్టాను. లోపలికి జారి అడుగున ఆగిన చప్పుడు నాకు వినిపించింది.

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి రిజిస్టరు తెరిచి పెన్ను తీసింది.

"అయ్యో, రాయకండి!" అన్నాను.

"రాయకపోతే ఎలాగమ్మా?" అంది నిజంగా ఆశ్చర్యపోతూ. రాసింది. తేదీ వేసి సంతకం చేసింది.

మూడింటికి మొదలయింది. జనం పలచగా వచ్చారు, తర్వాత ఒక్కసారిగా వచ్చారు. బిళ్ళలు తగిలిస్తుంటే సూదులు నా వేళ్ళలోనే గుచ్చుకుంటున్నాయి. అందరూ టీ తీసుకున్నారు. ఒకాయన అప్పుడే అల్మారా వైపు అడుగు వేశాడు. ఇంకొకామె పుస్తకం మీద చెయ్యి కూడా వేసింది. అయిపోయింది, పోయినేడాదిలాగే అయిపోయింది అనుకున్నాను. అమ్మాయి మైకు పట్టుకుంది.

"పెద్దలు దయచేసి మీ పాకెట్ల దగ్గరికి రండి. కార్డు మీద పేరుంది, మనిషి ఎక్కడుందో లేదు. కేటలాగు లేదు. అడిగి తెలుసుకోవాల్సిందే."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వుల మాస్టారు ముందు వెళ్ళి గుప్పెడు కార్డులు తీసుకుని, "బాబోయ్, ఇంతమంది బంగారుతల్లుల్నీ బంగారుతండ్రుల్నీ నేనెక్కడ వెతకను!" అని కేకపెట్టాడు. అలవాటుకొద్దీ ఇద్దరు ముగ్గురు ఆయన వైపు తిరిగి "ష్‌" అన్నారు. దాంతో హాలంతా గొల్లుమంది. ఇక ఎవరి గొంతు ఎవరిదో తెలియకుండా పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో గొడవ జరిగిందని పరిగెత్తుకొచ్చాడు.

నేను మాత్రం ఒక్కచోటే చూస్తున్నాను. రూళ్ళకర్ర మేడం అందరికంటే చివర లేచింది. నాలుగో పాకెట్లో రెండు వేళ్ళు పెట్టి కార్డు తీసి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చదివింది. అమ్మాయి మైకు పట్టుకునే ఉంది.

"ఇరవై మూడు ఎవరు?" అంది మేడం, ఎవరో తెలియనట్టు.

"నేనే మేడం."

"ఎన్ని పుస్తకాలు?"

"తొమ్మిదివేల నూట పద్నాలుగు."

"ఎన్నాళ్ళు?"

"రెండు నెలలు."

"సోమవారం తొమ్మిదింటికి వస్తాను. తొమ్మిదంటే తొమ్మిది."

"తొమ్మిదికి ముందే తలుపు తీసుంచుతాను మేడం," అంది అమ్మాయి. ఆ పక్కనే ఉన్న కుర్చీ మీద ఎవరిదో బ్యాగు ఉంటే తీసి కింద పెట్టి, మేడం పక్కన కూర్చుంది. వాళ్ళు అరగంట మాట్లాడుకున్నారు. మేడం రెండుసార్లు కాదన్నట్టు తలూపడం చూశాను. ఆ రెండుసార్లూ నా ప్రాణం గిలగిల్లాడింది. అమ్మాయి మాత్రం కాగితం మీద రాసుకుంటూనే ఉంది.

అందరూ వెళ్ళాక రిజిస్టరు సర్దుతూ అమ్మాయి ఆగిపోయింది. నాకు తెలుసు ఏం చదువుతోందో. తర్వాత నేనూ చూశాను. "23: తొమ్మిదిలో దొరికింది. పెట్టినవారే సరిచేశారు." నా పేరు లేదు. కానీ నా చేతి జిగురు మరక ఆ కార్డు అంచున ఉంది, అది మా అమ్మాయికి తెలియదా?

బస్సులో నాతో మాట్లాడలేదు. కిటికీవైపు తిరిగి కూర్చుంది. నాలుగు స్టాపులు అలాగే గడిచాయి. ఇక ఈ జన్మలో నాతో మాట్లాడదు, వేరే గది తీసుకుని వెళ్ళిపోతుంది, ఒంటి గదిలో జ్వరమొస్తే చూసే దిక్కుండదు అనే దాకా వచ్చాను.

"ఎందుకమ్మా అలా చేశావు?" అంది.

"భయమేసిందే."

"నాకూ భయమే." ఇంకా కిటికీవైపే చూస్తోంది. "ఆ కార్డు కవర్లో పెట్టడానికి మూడు రోజులు పట్టింది నాకు. అంత కష్టపడి పెడితే నువ్వు ఒక్క నిమిషంలో తీసేశావు."

దిగాల్సిన స్టాపు వచ్చినప్పుడు చెయ్యి అందించింది. దిగాక వదిలేసింది.

సోమవారం పొద్దుటినుంచీ ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో. చెయ్యలేదు. మా ఆయన రెండు సార్లు లేచి వచ్చి, "గడియారం పనిచేస్తోందిలే, ఊరికే చూడకు," అన్నారు. సాయంత్రం అమ్మాయి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడగకూడదని నాలుక పళ్ళమధ్య నొక్కిపెట్టుకున్నాను. నీళ్ళు కాచి ఇచ్చాను. అన్నం పెట్టాను. తింది. రెండోసారి పెట్టించుకుని తింది.

"అరవై తీశాం," అంది చెయ్యి కడుక్కుంటూ. "మూడు మళ్ళీ లోపల పెట్టాం."

"ఆవిడ..."

"కాదు అని నలభైసార్లు అన్నారు. నేను లెక్కపెట్టాను." తువాలు దులిపి తాడు మీద వేసింది. "నీకో మాట చెప్పమన్నారు. ఉంచే పుస్తకాలకి పాత పాకెట్లు ఊడిపోతున్నాయి. నాలుగువేలు. 'ఆ పాకెట్లు అతికించిన ఆవిడ ఉన్నారుగా, ఒక్కటీ వంకర లేదు, ఆవిడని రమ్మను' అన్నారు. రేపు తొమ్మిదింటికి."

"నేనా?"

"తొమ్మిదంటే తొమ్మిదట," అంది. శనివారం తర్వాత అది నావైపు చూసి నవ్వడం అదే మొదలు.

ఆ సాయంత్రమే మా ఆయన జిగురు డబ్బా మూత తీసి చూశాను. ఉండాల్సినదానికంటే కొంచెం పలచగా ఉన్నట్టుంది. గురువారం మూల లేచింది దీనివల్లే కాబోలు. నాలుగువేల పాకెట్లు, ఆఫీసు మేడమీది గది, వానకి ఆ గది చెమ్మగిల్లుతుందో ఏమో. చెమ్మ తగిలితే మూలలు లేస్తాయి. లేస్తే కార్డులు జారిపోతాయి. ఆవిడ చూడకుండా ఉంటుందా? చూసి రిజిస్టర్లో రాయకుండా ఉంటుందా?

కొత్త డబ్బా తీశాను.